ఆయన అంటున్నాడు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర ఈ సంగతి ఎత్తుదామని ఎన్నోసార్లు కూర్చున్నాను. కూర్చుని వానల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడి లేచి వచ్చాను. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు రెండు మాటలది. చెప్పాల్సిన నిజానికి ముందు రెండు మాటలు అదనంగా పలికాను. వాటితో ఒక మనిషి బతుకు కూలింది. నా బతుకు నిలబడింది.

పేరు చెప్పను. జగిత్యాల వైపు వాణ్ణి. రియాద్‌లో సులై అనే గోదాముల పేటలో, ఒక చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో పనివాళ్ళ హాజరు రాసుకునే కొలువుతో మొదలుపెట్టాను. కొంత ఇంగ్లీషు వచ్చు, అరబ్బీ అక్కడే చెవిన పడి పట్టుబడింది. నాలుగేళ్ళు తిరిగేసరికి కాగితాలన్నీ నా చేతి మీదుగా పోయేవి. మా కఫీల్‌కూ మా తెలుగువాళ్ళకూ మధ్య నోరు నేనే అయ్యాను. కఫీల్ అంటే మమ్మల్ని రప్పించుకున్న యజమాని. కఫీల్‌ను అందరూ అబూ నాసర్ అనేవాళ్ళు. మాట తక్కువ మనిషి. అన్యాయస్థుడని మాత్రం ఎవరూ అనరు. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత జరిగినదానికి ఆయన్ని తప్పు పట్టకండి.

అవి నితాఖత్ రోజులు. కంపెనీలో సౌదీవాళ్ళు ఎందరు, బయటివాళ్ళు ఎందరు అని లెక్క చూసి ప్రభుత్వం ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇచ్చేది. మాది పచ్చ రంగు చివరి మెట్టు మీద ఊగుతుండేది. ఎరుపులో పడితే అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎవరికీ రెన్యువల్ కాదు. పైగా మనిషికింత అని కట్టే లెవీ పన్ను ఏటా పెరుగుతోంది. పొద్దున ఆఫీసు తెరవగానే నేను చేసే మొదటి పని కంప్యూటర్‌లో మా రంగు చూడటం. అబూ నాసర్ ఒకరోజు ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసి, అయిదో నంబరు వేసి, దాని ఎదుట ఖాళీ వదిలేశాడు. ఏడాది తిరిగేలోగా అయిదుగురు పోవాలి. నాలాంటి గుమాస్తా పనికి సౌదీ మనిషిని పెట్టుకుంటే రంగు కూడా మెరుగవుతుంది. ఆ ఖాళీ ఎవరిదో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన నాకు ఒక విచిత్రమైన పని అప్పజెప్పాడు.

అబూ నాసర్‌కు వేట ప్రాణం. రెండు డేగలు ఉండేవి. వాళ్ళ నాన్న కాలంలో ఎడారిలో హుబారా పిట్టలు మందలు మందలుగా దిగేవట. అది మన బట్టమేక పిట్టకు తమ్ముడి వరస అవుతుంది. తన కాలం వచ్చేసరికి రోజంతా తిరిగినా ఒకటి కనబడటం కష్టమైంది. వేట పూర్తిగా ఆపేస్తారేమోనని ఒక భయం, ఆపకపోతే పిట్టలే మిగలవేమోనని ఇంకో భయం. వేటగాళ్ళ తరఫునో, పిట్టల తరఫునో అధికారులతో మాట్లాడతామని చెప్పే సంఘాలు మూడు ఆయన్ని రమ్మంటున్నాయి. ఆ కాగితాలన్నీ నా బల్ల మీద పెట్టాడు.

"నువ్వు వేటగాడివి కాదు, ఎవరి చుట్టమూ కాదు. చదువు, వెళ్ళి అడుగు. ఏది నిజమైనదో నాకు చెప్పు" అన్నాడు.

ఆ నెలన్నర నా గల్ఫు బతుకంతటిలోకీ సంతోషంగా గడిచిన కాలం అంటే మీరు నమ్ముతారా? హాజరు పట్టీలు తప్ప ఏమీ చదవని నేను రాత కాగితాల మధ్య పిట్టల పేర్లు వెతుక్కున్నాను. ఒక సంఘం మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? వాళ్ళు చెప్పుకునేది వింటే అందరూ మంచివాళ్ళే. మరి ఏం అడగాలి? బస్సులో, బట్టలు ఉతుక్కుంటూ, అదే ఆలోచన.

మొదటి సంఘం వాళ్ళు పెద్ద హోటల్లో కలిశారు. సభ్యత్వ కార్డుకు బంగారు అంచు ఉంది. తుపాకుల ఫొటోలు చాలా చూపించారు. పిట్టల కోసం కిందటేడు ఏం చేశారని అడిగితే ఇంకో ఫొటోల పుస్తకం తీశారు. రెండో సంఘానికి పెద్ద ఒక రిటైరైన బడిపంతులు. వేట అనేదే ఉండకూడదంటాడు. నిజాయితీ గల మనిషి. మా కఫీల్ లాంటి వేటగాణ్ణి చేర్చుకుంటారా అని అడిగాను. "డేగల్ని వదిలేసి వస్తే తలుపు తెరిచే ఉంటుంది" అన్నాడు. అబూ నాసర్ డేగల్ని వదలడు. ఆ సంగతి పంతులుకూ తెలుసు, నాకూ తెలుసు.

మూడో సంఘం డేగల సామాను అమ్మే దుకాణం మీద ఒక గది. అక్కడి పెద్దాయన చేతి మీద పాత గోళ్ళ గాట్లు. వేట ఉండాలంటే ముందు పిట్ట ఉండాలని మొదలుపెట్టాడు. కాలం దాటి వేటాడకూడదు. హద్దు దాటి పట్టకూడదు. వలలు వేయకూడదు. పిట్ట గొంతు వినిపించే యంత్రం పెట్టి మోసంతో పిలవకూడదు. ఇవి పాటించేవాళ్ళకు వేట హక్కు ఉండాలని అధికారులకు అర్జీలు పెడతారు, పాటించనివాళ్ళను తామే పట్టిస్తారు. కొత్తగా చేరేవాడి పొలమూ తోటా కళ్ళారా చూసిగానీ చేర్చుకోరు.

నెలన్నరగా నేను వెతుకుతున్న ప్రశ్న అప్పుడు దొరికింది. "మీ సభ్యుడే తప్పు చేస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏడాదికోసారి అందరం కూర్చుంటాం. తప్పు చేసినవాడు లేచి తనే చెప్పాలి. చెప్తే ఒక ఏడాది వేటకు దూరం. దాచి దొరికితే శాశ్వతంగా దూరం. మా అక్క కొడుకు దాచాడు. ఇప్పుడు సంఘంలో లేడు" అన్నాడు.

ఇదే నిజమైనదని అబూ నాసర్‌కు చెప్పాను. ఎందుకో చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. అప్పటికే ఆయన తోటలో నేను కట్టిన వల ఉంది.

అవును. నేను కట్టిందే.

తోట అల్ ఖర్జ్ దగ్గర, రియాద్‌కు దక్షిణంగా గంట ప్రయాణం. అక్కడ లస్మయ్య అనే మా వైపు మనిషి ఉండేవాడు. వయసు యాభై దాటింది. ఇఖామాలో ఆయన వృత్తి ప్లంబర్. చేసేది ఖర్జూరపు చెట్ల సేవ. తల్లి చెట్ల మొదళ్ళలోంచి పిలకలు తీసి నలభై మొక్కలు నాటి, గోనెసంచులు చుట్టి చలి కాచి పెంచాడు. వచ్చే ఏడు మొదటి కాపు రావాలి. నేను ఆయన్ని కాకా అనేవాణ్ణి. ప్రతి శుక్రవారం సరుకులు తీసుకుని కంపెనీ బండిలో వెళ్ళేవాణ్ణి, ఆయన జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి పెట్టేవాడు.

ఎండలు తగ్గి ఉత్తరం నుంచి పిట్టలు దిగే కాలం అది. సంఘాల కాగితాల్లో వల గురించీ, పిట్ట గొంతు యంత్రం గురించీ చదివి నాకు ఆశ్చర్యం వేసింది. నిజంగా అన్ని పిట్టలు వస్తాయా? యంత్రం పిలిస్తే నమ్ముతాయా? చూద్దామనిపించింది. బజారులో అడిగితే రెండూ దొరికాయి. పంపు గది వెనక, గడ్డి మడి పక్కన, రెండు కర్రల మధ్య నల్లటి సన్న వల కట్టాను. అది కళ్ళకు ఆనదు. మొదటి వారం పదకొండు బుర్కపిట్టలు పడ్డాయి. రూములో స్నేహితులకు వండిపెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. చూడటం కోసం మొదలుపెట్టింది ఎప్పుడు తినడం కోసం అయిందో చెప్పలేను. ఒకవైపు వల తప్పని చెప్పే సంఘాన్ని మెచ్చుకుంటూ, ఇంకోవైపు వల ముడులు సరిచేసుకునేవాణ్ణి. ఈ రెండూ నా బుర్రలో ఒకదాన్నొకటి ఎందుకు తగలలేదు? చదివింది వేరే మనుషుల కోసం రాసినట్టు అనిపించేది. అంతకుమించి నాకు జవాబు దొరకలేదు.

లస్మయ్య కాకకు మొదటినుంచీ ఇష్టం లేదు. "గా పిట్టలు ఏడికెళ్ళో వస్తున్నయ్, ఏడికో పోతున్నయ్. నడిమిట్ల మనకేం పని బిడ్డా? ఉసురు తల్గుతది" అన్నాడు. నేను నవ్వాను. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆయన మొహం మాడ్చుకుని ఉన్నాడు. వలలో పాలపిట్ట పడిందట. దసరా రోజులు. ఇంటి దగ్గరైతే జమ్మికి పోయేటప్పుడు దాన్ని చూడటమే భాగ్యమనుకుంటాం. ఒక్కొక్క దారం కత్తిరించి విడిపించి, రెక్క సరిచేసి, మొక్కి వదిలాడట. "తియ్యి బిడ్డా, నీకు దండం బెడ్త" అన్నాడు. వచ్చే వారం తీస్తానన్నాను. కోసిన చోట మళ్ళీ ముడులు వేశాను.

సంఘం వాళ్ళు తోట చూడటానికి నెలాఖరులో వస్తామన్నారు. అప్పటికి తీసేయొచ్చు అనుకున్నాను. కానీ ఒక బుధవారం పొద్దున అబూ నాసర్ ఆఫీసుకు వచ్చి "పద, వాళ్ళు ఈవేళే వస్తామంటున్నారు" అన్నాడు. బండిలో ఆయన పక్కన కూర్చుని లస్మయ్య కాకకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఆయన మడిలో ఉంటే ఫోన్ పంపు గదిలో ఉంటుంది. ఎత్తలేదు. గంట దారి. చెప్పేయాలని దారిలో నిజంగానే అనుకున్నాను. నన్ను నేను గొప్ప చేసుకోవడానికి అనడం లేదు. 'నేనే కట్టాను, తప్పయింది' అనే మాటను అరబ్బీలో మనసులో నాలుగైదుసార్లు పేర్చుకున్నాను. పెదాల మీదే ఉంది.

సంఘం పెద్దాయన ఇంకొకర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఖర్జూరపు మొక్కల్ని చూసి చాలా సంతోషించాడు. తర్వాత పంపు గది వెనక్కి నడిచాడు. వలలో మూడు బుర్కపిట్టలు, ఒక గువ్వ వేలాడుతున్నాయి. గువ్వ ఇంకా కొట్టుకుంటోంది. యంత్రం ఆగకుండా పిలుస్తూనే ఉంది.

అబూ నాసర్ మొహం నల్లబడిపోయింది. ఆయన అరవలేదు. లస్మయ్య కాకను చూపించి "ఇదెవరు కట్టారో అడుగు" అన్నాడు నాతో.

నేను అడిగాను. అడగాల్సిన అవసరం ఏముంది? అయినా తెలుగులో అడిగాను. "కాకా, ఇది ఎవరు కట్టిండ్రని అడుగుతున్నడు."

లస్మయ్య కాక నా మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. పిల్లవాణ్ణి నీళ్ళలోకి దించేటప్పుడు పట్టుకున్నట్టు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వే చెప్పు బిడ్డా. కట్టింది నువ్వే గదా. భయపడకు. తప్పయిందని ఒక్క మాట అను. పెద్దమనిషి, ఇంటడు. నేను గూడ దండం బెడ్త నీ కోసం."

అని నిజంగానే అబూ నాసర్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

నేను నోరు తెరిచాను. బండిలో పేర్చుకున్న మాటే వచ్చింది. కానీ దాని ముందు ఇంకో రెండు మాటలు వచ్చాయి. 'ఆయన అంటున్నాడు.' తర్జుమా చేసే ప్రతిసారీ నేను అలాగే మొదలుపెడతాను. ఏళ్ళ తరబడి రోజుకు ఎన్నిసార్లు పలికానో.

"ఆయన అంటున్నాడు: నేనే కట్టాను, తప్పయింది, క్షమించండి."

అబూ నాసర్ చూసింది ఏమిటి? చేతులు జోడించి తల వంచిన ముసలివాణ్ణి. ఇంకేం కావాలి?

అది అలవాటుగా వచ్చిందా, కావాలని అన్నానా? ఇది నన్ను నేను అడిగినన్నిసార్లు ఇంకెవర్నీ ఏదీ అడిగి ఉండను. ఒక్కోసారి, నాలుక దాని దారిన అది పోయింది అనుకుంటాను. ఒక్కోసారి, ఆ మాటలు గొంతులోంచి బయటికి వస్తున్నప్పుడు కాగితం మీది అయిదో నంబరు నాకు కళ్ళకు కట్టినట్టు కనబడిందని గుర్తొస్తుంది. కనబడిందా, లేక తర్వాత నేను కల్పించుకున్నానా? తేలదు. సరే, నాలుకదే తప్పనుకుందాం. తర్వాతి క్షణం? ఆ తర్వాతి క్షణం? 'కాదు, నేను' అని రెండు మాటలు చాలు. పెద్దాయన నిదానంగా గువ్వను విడిపిస్తున్నాడు. బోలెడంత సమయం ఉంది. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. అలవాటు అంతసేపు ఉండదు.

లస్మయ్య కాక నా వీపు నిమిరాడు. నేను ఒప్పుకున్నాననుకున్నాడు. "మంచిగ జెప్పినవ్" అన్నాడు మెల్లగా.

ఆయనకు తోట అరబ్బీ తప్ప రాదు. నీళ్ళు, మట్టి, మందు, త్వరగా, చాలు. పదహారేళ్ళు అక్కడ ఉన్న మనిషికి 'ఆయన', 'నేను' తెలియకుండా ఉంటాయా అని కూడా తర్వాత చాలాకాలం ఆలోచించాను. ఆయనకు అర్థమై ఊరుకున్నాడేమో. నా కోసం ఊరుకున్నాడేమో. అలా అనుకుంటే మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత అదే నిద్ర పట్టనిచ్చేది కాదు.

పెద్దాయన పోతూ పోతూ అబూ నాసర్‌తో "నీ దగ్గర పనివాడు కూడా నిలదీస్తే నిజం చెప్తాడు, అది మంచి గుర్తు" అన్నాడు. కఫీల్‌ను సంఘంలో చేర్చుకున్నారు. ఆ మర్నాడే అయిదో నంబరు ఎదుట లస్మయ్య కాక పేరు పడింది. దేశం వదిలి పంపే ఎగ్జిట్ కాగితం టైపు చేసింది నేనే. ఆయన పేరు అరబ్బీలో ఎలా రాయాలో అబూ నాసర్ నన్నే అడిగాడు.

సంతకం పెట్టించడానికి తోటకు వెళ్ళాను. "నన్నెందుకు తీస్తున్నడు బిడ్డా?" అని అడిగాడు కాక.

"నితాఖత్ కాకా. లెవీ పెరిగింది. సర్కారు రూలు" అన్నాను. అందులో అబద్ధం ఎంత, నిజం ఎంత? అబద్ధాలు ఇలాగే కడతారని అప్పుడు తెలిసింది. సగం నిజమైన ఇటుకలతో.

ఆయన కాగితం చేతికి తీసుకున్నాడు. తర్వాత, "నీది పోలే గదా?" అన్నాడు.

"పోలేదు కాకా."

"సాలు. నువ్వు తప్పు ఒప్పుకున్నా నిన్ను తియ్యలే జూడు. నిజం జెప్పినోనికి దేవుడుంటడు." అని వేలిముద్ర వేశాడు. చిన్న మొక్కలకు ఏ రోజు ఎంత నీళ్ళు పెట్టాలో నాతో రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు సంఘం సమావేశాలకు అబూ నాసర్ వెంట నేనే వెళ్ళాను. ఇంగ్లీషు ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. వలల మీద అర్జీ కూడా నేనే రాశాను. బాగా కుదిరిందన్నారు. ఏడాది చివర తప్పు చేసినవాళ్ళు లేచి చెప్పుకునే రోజున వెనక వరసలో కలం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి ఒక లావుపాటి వ్యాపారి లేచి, కాలం దాటాక రెండు హుబారాలు కొట్టానని చెప్పి ఏడ్చాడు. అతన్ని చూస్తే నాకు అసూయ కలిగింది. నేను సభ్యుణ్ణి కాదు కదా, లేవాల్సిన పని లేదు అనుకున్నాను. అలాంటి కారణాలు నాకు ఎప్పుడూ కరువు కాలేదు.

చివరికి లెవీల దెబ్బకు కంపెనీ మూతపడింది. నేనూ ఇంటికి వచ్చేశాను. వచ్చిన ఆరు నెలలకు లస్మయ్య కాకను వెతుక్కుంటూ పోయాను. చెప్పేయాలని, అందుకోసమే పోయాను.

ధర్మపురి దారిలో ఒక రైసుమిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య నీళ్ళ చెంబు ఇచ్చి నన్ను కన్నార్పకుండా చూసింది.

"నేను జెప్తుంట గదా, గా పిలగాడు ఈయనే" అన్నాడు కాక ఆమెతో. "కఫీల్ ముంగట నిలబడి, గజ్జున వణుక్కుంట గూడ, తప్పు నాదేనని ఒప్పుకున్నడు. నేను జూసిన ఈ కండ్లతోని."

ఆమె తల ఊపింది. "మా మనుమనికి ఎప్పుడూ నీ ముచ్చటే జెప్తడయ్యా" అంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెప్తే ఆయన ఎన్నేళ్ళుగానో ఆ ఇంట్లో చెప్పుకుంటున్న ఒక మంచి మాటను ఆయన చేతిలోంచి లాక్కున్నట్టవుతుంది. ఈ ఆలోచన ఆయన మీద దయతో వచ్చిందా, నా పిరికితనం ఇంకో అంగీ తొడుక్కుని వచ్చిందా? నాకు తెలుసనే అనుకుంటున్నాను. అన్నం తిన్నాను. ఖర్జూరపు మొక్కలు కాశాయా అని అడిగాడు. కాశాయన్నాను. ఎలాంటి కాయ, ఎంత తీపి అని అడిగాడు. చాలా తీపి అన్నాను. అది ఒక్కటే ఆ పూట నేను ఆయనతో చెప్పిన పూర్తి నిజం.

మొన్నామధ్య అబూ నాసర్‌కు ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు సరిగ్గా వినపడదు. అందుకని గట్టిగా చెప్పాల్సి వచ్చింది, వీధిలోకి వినపడేంత గట్టిగా. అరబ్బీలో కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ ముసలాయన బతికే ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?" అని పెట్టేశాడు.

నిజమే. చెప్పాల్సిన చోటు అది కాదు. ఇదీ కాదు. లస్మయ్య కాకకు చదవడం రాదు, ఈ కాగితం ఆయన దాకా పోదు. మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు మీది కాదు. ఆయన క్షమిస్తాడో లేదో కూడా తెలియదు. ఇంకోసారి ధర్మపురి దారి పట్టే ధైర్యం నాకు వస్తుందో రాదో అసలే తెలియదు. అయినా ఈ సంగతి మొదటిసారి తెలుగులో, ఆయనకు అర్థమయ్యే భాషలో, బయటికి వచ్చింది. ఊపిరి కాస్త లోపలిదాకా దిగుతోంది.

వల నేను కట్టాను. ఆయన తియ్యమన్నాడు.